గాలిలో గలాటా
హాస్టల్లో వై-ఫై ఎందుకు మొరాయిస్తుంది?

ఒక దృశ్యం ఊహించుకోండి. మీ అక్కయ్య ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. హాస్టల్లో రెండో అంతస్తులో, మరో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటోంది. రాత్రి పదిన్నరయింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు పంపడానికి ఆ అర్ధరాత్రితో గడువు తీరిపోతుంది. ఫారమంతా నింపింది. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం జతచేసింది. ‘పంపు’ అన్న మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. పది నిమిషాలయినా దరఖాస్తు కదలదు.

“సిగ్నలు లేదేమో” అంటారా? ఉంది. ఫోను పైమూలన వై-ఫై గుర్తులో గీతలన్నీ నిండుగా ఉన్నాయి. సిగ్నలు పంపే పెట్టె, అంటే యాక్సెస్ పాయింటు, వరండాలో తలుపుకు ఎదురుగానే ఉంది. పోనీ, కాలేజీకి వచ్చే ఇంటర్నెట్టే చెడిందా? అదీ కాదు. కింద ఆఫీసులో తీగతో కలిపిన కంప్యూటరు చక్కగా పనిచేస్తోంది. ఇంకా తమాషా ఏమిటంటే, తెల్లవారుజామున ఐదింటికి లేచి చూస్తే అదే ఫోను, అదే గది, అదే వై-ఫై గుర్రంలా పరుగెడుతుంది!

సిగ్నలు నిండుగా ఉంది, మాట మాత్రం చేరడం లేదు. ఎందుకని? ఈ చిక్కుముడి విప్పుదాం రండి. రేపో మాపో మీరూ హాస్టళ్లకు వెళ్లేవాళ్లే కదా!

రేడియో లోకంలో పోరంబోకు

వై-ఫై అంటే మరేమీ కాదు, రేడియోయే. మీ ఫోనులో ఒక బుల్లి ట్రాన్స్‌మిటరూ, ఒక బుల్లి రిసీవరూ ఉన్నాయి. యాక్సెస్ పాయింటులోనూ అవే ఉన్నాయి. రెండూ రేడియో తరంగాలతో మాట్లాడుకుంటాయి. ఆ తరంగాలు సెకనుకు దాదాపు 240 కోట్లసార్లు డోలనం చెందుతాయి. దీన్నే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం అంటారు.

ఈ తరంగం పొడవెంతో మీరే లెక్క కట్టవచ్చు. రేడియో తరంగాలు కాంతికి తోబుట్టువులు. సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్ల వేగంతో పోతాయి. 30 కోట్లను 240 కోట్లతో భాగించండి. 0.125 మీటరు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. మీ జామెట్రీ పెట్టెలోని 15 సెంటీమీటర్ల స్కేలుకన్నా కాస్త పొట్టి. ఈ కొలత గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

మామూలు రేడియో స్టేషనుకు ప్రభుత్వం ఒక పౌనఃపున్యం కేటాయిస్తుంది. అది పట్టా ఉన్న పొలం లాంటిది, మరొకరు అందులో అడుగుపెట్టకూడదు. వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం అలాంటిది కాదు. అది ఊరికంతటికీ చెందిన పోరంబోకు స్థలం. పశువుల్ని కట్టుకునేవాళ్లు కట్టుకుంటారు, క్రికెట్టు ఆడుకునేవాళ్లు ఆడుకుంటారు. ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు. అలాగని “నా ఆటకు ఆవు అడ్డొచ్చింది” అని ఫిర్యాదు చెయ్యడానికీ వీల్లేదు!

ఇది పోరంబోకు ఎలా అయింది? 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో అంతర్జాతీయ రేడియో మహాసభ జరిగింది. 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న భాగాన్ని పరిశ్రమలకూ, ప్రయోగశాలలకూ, వైద్య పరికరాలకూ వదిలెయ్యాలని అక్కడ నిర్ణయించారు. వస్తువుల్ని వేడిచేసే యంత్రాలు అక్కడ ఎంత రొద చేసినా ఫరవాలేదన్నమాట. 1985లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, ఆ రొదను భరించగలిగితే తక్కువ శక్తితో సమాచారం కూడా అక్కడే పంపుకోవచ్చునని అనుమతించింది. దానిమీద 1997లో మొదటి వై-ఫై ప్రమాణం తయారైంది. అప్పటి వేగం సెకనుకు 20 లక్షల బిట్లు. మన దేశంలో 2005లో ఈ భాగానికి లైసెన్సు అవసరం తీసేశారు.

అందువల్లనే వై-ఫై ఇంత చౌకగా ఇంటింటికీ వచ్చింది. అందువల్లనే ఇన్ని తిప్పలూ వచ్చాయి.

పదమూడు అంకెలు, మూడే కుర్చీలు

ఈ స్థలం ఎంత వెడల్పు? 2400 మెగాహెర్ట్జ్ నుంచి 2483.5 దాకా, అంటే 83.5 మెగాహెర్ట్జ్. దీన్ని 13 ఛానళ్లుగా గుర్తించారు. పదమూడున్నాయి కదా, పదమూడు రౌటర్లు హాయిగా సర్దుకోవచ్చనుకుంటారు. అక్కడే ఉంది కిటుకు!

పక్కపక్క ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాని ఒక్కొక్క సంభాషణకు సుమారు 20 మెగాహెర్ట్జ్ చోటు కావాలి. ఒక పొడుగాటి బెంచీ మీద ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు వేశారనుకోండి. అంకెల మధ్య బెత్తెడే దూరం. మనిషి కూర్చుంటే నాలుగు అంకెల చోటు కావాలి. ఒకరు 1 మీద, ఒకరు 6 మీద, ఒకరు 11 మీద కూర్చుంటే ముగ్గురికీ హాయి. నాలుగోవాడు ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరి ఒడిలో కూర్చోవలసిందే.

ఇక్కడ తెలివైనవాళ్లు కూడా ఒక పొరపాటు చేస్తారు. “1లోనూ 6లోనూ జనం ఉన్నారు, 3 ఖాళీగా కనిపిస్తోంది, నా రౌటరును అక్కడ పెడతాను” అంటారు. అది అటూ ఇటూ రెండు ఛానళ్లనూ చెడగొడుతుంది. పైగా ఒకే ఛానల్లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి గుర్తుపట్టి వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసిన ఛానళ్లలో అయితే పక్కవాడి మాట మాటలా వినిపించదు, ఉత్త రొదలా వినిపిస్తుంది. రొదతో వంతు కుదరదు కదా! అందుకే జనం ఉన్నా 1, 6, 11లలో ఒకదానిలోకి పోవడమే మేలు.

హవాయి దీవుల్లో నేర్చిన మర్యాద

ఒకే ఛానల్లో ఇరవైమంది మాట్లాడాలంటే ఎలా? క్లాసులో అయితే మాస్టారు పేరు పెట్టి పిలుస్తారు. గాలిలో మాస్టారెవరు?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు పసిఫిక్ మహాసముద్రం నడుమ దొరికింది. హవాయి విశ్వవిద్యాలయానికి వేర్వేరు దీవుల్లో కళాశాలలున్నాయి. పెద్ద కంప్యూటరు ఒక్కచోటే ఉంది. దాన్ని అందరూ వాడుకోవాలంటే టెలిఫోను తీగలు ఖరీదైనవి, నమ్మకమైనవీ కావు. అప్పుడు నార్మన్ అబ్రామ్‌సన్ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ కలిసి రేడియోతో కంప్యూటర్లను కలిపారు. 1971లో అది పనిచెయ్యడం మొదలుపెట్టింది. దాని పేరు ‘అలోహా నెట్’. అలోహా అంటే హవాయి భాషలో పలకరింపు మాట, మన ‘నమస్కారం’ లాంటిది.

దాని నియమం ఎంత సులువో చూడండి. చెప్పవలసింది ఉంటే చిన్న చిన్న పొట్లాలుగా కట్టి వెంటనే పంపెయ్యి. ‘అందింది’ అని జవాబొస్తే సరి. రాకపోతే ఎవరి పొట్లంతోనో ఢీకొందని అర్థం. కాసేపు ఆగి మళ్లీ పంపు. ఎంతసేపు ఆగాలి? ఇద్దరూ సరిగ్గా ఒకే సమయం ఆగితే మళ్లీ ఢీకొంటారు. అందుకని ఎవరికి వారు చీటీ తీసినట్టుగా ఏదో ఒక సమయం ఎంచుకోవాలి.

నియమం బాగానే ఉంది, కాని దుబారా ఎక్కువ. ఇలా ఎవరికి తోచినప్పుడు వారు పంపితే ఎంత బాగా నడిచినా కాలంలో నూటికి 18 వంతులే పనికొస్తుందని గణితం చెబుతుంది. మిగతాదంతా ఢీకొట్టుకోవడంలోనూ, ఖాళీగానూ పోతుంది.

వై-ఫై దీనికి ఇంకొక మర్యాద చేర్చింది. మాట్లాడేముందు విను! గాలిలో ఎవరైనా మాట్లాడుతుంటే నోరు మూసుకో. వాళ్లు ఆపాక కూడా వెంటనే అందుకోకు. చీటీ తియ్యి. చీటీలో వచ్చిన అంకె ప్రకారం అన్ని క్షణాలు లెక్కపెట్టి, అప్పటికీ ఎవరూ మొదలుపెట్టకపోతే మాట్లాడు. నేటి వై-ఫైలో మామూలుగా మొదట 0 నుంచి 15 దాకా అంకెల్లో చీటీ తీస్తారు. లెక్కపెట్టే ఒక్కొక్క ‘క్షణం’ సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో తొమ్మిది భాగాలు. ఢీకొంటే చీటీల సంఖ్య రెట్టింపవుతుంది. 31 దాకా, 63 దాకా, చివరికి 1023 దాకా పోతుంది. జనం ఎక్కువైన కొద్దీ నిరీక్షణ పెరుగుతుందన్నమాట.

మీ అక్కయ్య ఫోనులో గీతలు నిండుగా ఉన్నా దరఖాస్తు కదలకపోవడానికి మొదటి కారణం ఇదిగో, ఇక్కడుంది. ఆ గీతలు చెప్పేది ‘యాక్సెస్ పాయింటు గొంతు నాకు బాగా వినిపిస్తోంది’ అని మాత్రమే. ‘నాకు మాట్లాడే వంతు వచ్చింది’ అని కాదు. పెళ్లిలో వడ్డించేవాడు ఎదురుగానే కనిపిస్తున్నాడు, కాని మన విస్తరి దాకా రావడానికి ముందు వందమందున్నారు!

కనిపించని పొరుగువాడు

మాట్లాడేముందు వినాలన్నాం. బాగానే ఉంది. కాని వినిపించకపోతే?

వరండా మధ్యలో యాక్సెస్ పాయింటు ఉంది. ఈ చివర గదిలో ఒకమ్మాయి, ఆ చివర గదిలో మరొకమ్మాయి. ఇద్దరికీ యాక్సెస్ పాయింటు వినిపిస్తుంది. కాని మధ్యలో ఇన్ని గోడలుండటం వల్ల ఒకరి ఫోను మాట ఒకరికి వినిపించదు. ఇద్దరూ చెవి ఒగ్గి వింటారు, ‘నిశ్శబ్దంగా ఉంది’ అనుకుంటారు, ఒకేసారి మాట్లాడతారు. మధ్యనున్న యాక్సెస్ పాయింటుకు రెండు మాటలూ కలగాపులగమై ఒక్కటీ అర్థం కాదు. తప్పు ఎవరిదీ కాదు, తిప్పలు ఇద్దరివీ!

దీనికీ ఒక ఉపాయం ఉంది. పెద్ద పొట్లం పంపేముందు చిన్న మాటగా “నేను మాట్లాడవచ్చునా?” అని అడగటం. “మాట్లాడు, మిగతావాళ్లు ఆగండి” అని యాక్సెస్ పాయింటు జవాబిస్తుంది. ఆ జవాబు అందరికీ వినిపిస్తుంది కనుక అందరూ ఆగుతారు. అయితే ఈ అడగటానికీ, చెప్పటానికీ కొంత కాలం ఖర్చవుతుంది.

‘నేనున్నాను, నేనున్నాను!’

ఇప్పుడు అసలు దొంగను పట్టుకుందాం.

కాలేజీ వై-ఫై నెమ్మదిగా ఉందని ఒక గదిలోవాళ్లు సొంతంగా ఒక రౌటరు కొన్నారు. వాళ్లకు కొన్నాళ్లు బాగానే ఉంది. అది చూసి పక్కగదివాళ్లూ కొన్నారు. ఎదురుగదివాళ్లు ఫోను హాట్‌స్పాటు పెట్టారు. ఇలా ఒక్క వరండాలో ఇరవై రౌటర్లయ్యాయి. ఎవరూ ఏమీ చూడకపోయినా, ఏమీ పంపకపోయినా ఈ ఇరవై రౌటర్లూ ఊరుకుంటాయా? ఊరుకోవు. ప్రతి రౌటరూ సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చాటుకుంటుంది. “నేనున్నాను, నా పేరు ఫలానా, నా వేగం ఇంత” అని టముకు వేస్తుంది. ఈ చాటింపును పాతకాలపు పరికరాలకు కూడా అర్థమయ్యేలా చాలా రౌటర్లు అతి తక్కువ వేగంతో వేస్తాయి. ఆ వేగం సెకనుకు పది లక్షల బిట్లు.

లెక్క కట్టండి. ఒక చాటింపు 250 బైట్లనుకుందాం. బైటుకు 8 బిట్లు చొప్పున 2000 బిట్లు. సెకనుకు పది లక్షల బిట్ల వేగంతో ఇది పోవడానికి సెకనులో 500వ వంతు పడుతుంది. సెకనుకు పదిసార్లు కనుక మొత్తం కాలంలో నూటికి 2 వంతులు. ఒక్క రౌటరయితే ఇది లెక్కలోకి రాదు. ఒకే ఛానల్లో ఇరవై రౌటర్లుంటే? నూటికి 40 వంతులు! గాలిలో సగానికి దగ్గరగా కాలం ఒట్టి ‘నేనున్నాను’లకే సరిపోతోంది. ఇక పని జరిగేదెప్పుడు?

ఇంకొక విషచక్రం కూడా ఉంది. రొద ఎక్కువైనప్పుడు పరికరాలు వేగం తగ్గిస్తాయి. సంతలో మనం మాటను విడమరిచి, నెమ్మదిగా చెప్పినట్టే. నెమ్మదిగా చెప్పిన మాట గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. ఎక్కువసేపు ఉన్నది ఎవరితోనైనా ఢీకొనే అవకాశం ఎక్కువ. ఢీకొంటే మళ్లీ పంపాలి. మళ్లీ పంపితే రొద ఇంకా పెరుగుతుంది!

ప్రతి గదివాళ్లూ తమ మేలు కోసమే రౌటరు కొన్నారు. అందరి మేలూ కలిసి అందరికీ కీడయింది. ఊరి చెరువుకు ప్రతి ఇంటివాడూ తన పొలానికి ఒక గండి కొట్టుకున్నట్టు.

మర్యాద తెలియని అతిథులు

ఇంతవరకు చెప్పినవన్నీ మర్యాద తెలిసినవే, మరీ ఎక్కువమంది కావటమే వాటి తప్పు. మర్యాదే తెలియనివి కొన్నున్నాయి. వాటిలో మొదటిది మైక్రోవేవ్ ఓవెను.

ఓవెను కూడా రేడియో యంత్రమే. దానిలోని మాగ్నెట్రాన్ అనే గొట్టం 2450 మెగాహెర్ట్జ్ తరంగాలు పుట్టించి అన్నాన్ని వేడిచేస్తుంది. వై-ఫై రౌటరు శక్తి వాటులో పదో వంతు ప్రాంతంలో ఉంటే, ఓవెను లోపల సుమారు వెయ్యి వాట్లు తిరుగుతుంటాయి. ఇనుప పెట్టె, తలుపుకు జల్లెడ లాంటి లోహపు తెర ఉన్నాయి కనుక దాదాపు అంతా లోపలే ఉంటుంది. జల్లెడ కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్లు. దూరలేదు. అయినా లక్షో వంతు బయటికి జారిందనుకోండి. వెయ్యి వాట్లలో లక్షో వంతు అంటే వాటులో నూరో వంతు. అది మన ఒంటికి హాని చెయ్యదు. కాని ఫోను వినే సిగ్నలు వాటులో వంద కోట్లో వంతు ఉంటే గొప్ప! గుసగుస వింటున్న చెవి పక్కన డప్పు కొట్టినట్టే.

ఇందులో ఒక ఊరట ఉంది. చాలా ఓవెన్లలో మాగ్నెట్రాన్ నిరంతరం పనిచెయ్యదు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు కదా, ప్రతి ఆవర్తనంలో సుమారు సగభాగమే తరంగాలు వెలువడతాయి. మిగతా సగంలో, అంటే సెకనులో నూరో వంతు కాలంలో, చిన్న పొట్లాలు చల్లగా జారుకుంటాయి.

ఓవెను దెబ్బ తిన్నది హాస్టళ్లే కాదు. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే ఊరి దగ్గర 64 మీటర్ల వ్యాసమున్న రేడియో టెలిస్కోపు ఉంది. దానికి ఉండి ఉండి ఒక వింత సంకేతం తగిలేది. 1998 నాటి రికార్డుల్లోనూ అది కనిపించింది. శాస్త్రజ్ఞులు దానికి ‘పెరిటాన్’ అని పేరు పెట్టారు. సుదూర గెలాక్సీల నుంచి వచ్చే సంకేతాలను అది కొంత పోలి ఉండటంతో గందరగోళం ఎక్కువైంది. ఆ సంకేతాలు పగటిపూట, పనిదినాల్లో, ముఖ్యంగా మధ్యాహ్న భోజనవేళ రావడం అనుమానం కలిగించింది. 2015లో ఎమిలీ పెట్రాఫ్ అనే యువ శాస్త్రవేత్త, ఆమె సహచరులూ రహస్యం బయటపెట్టారు. ఎవరో ఆకలిమీద ఉండి, ఓవెను ఆగకముందే తలుపు లాగేస్తున్నారు! మాగ్నెట్రాన్ ఆరిపోయే ఆ లిప్తకాలంలో తరంగాలు బయటికొచ్చి ఆకాశవార్తలుగా చలామణీ అయ్యాయి.

రెండో అతిథి మరీ చిత్రమైనది. కంప్యూటరుకు తగిలించే యూఎస్‌బీ 3.0 రకం డిస్కులూ, వాటి తీగలూ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద వెలువరిస్తాయని ఇంటెల్ కంపెనీ 2012లోనే ప్రకటించింది. ల్యాప్‌టాపు పక్కనే అలాంటి డిస్కు పెట్టి వై-ఫైని తిట్టుకుంటే ఏం లాభం? డిస్కును కాస్త దూరంగా జరపాలి.

మూడోది బ్లూటూత్. దీనికి మాత్రం మర్యాద ఉంది. ఇది 79 సన్నని ఛానళ్ల మధ్య సెకనుకు 1600సార్లు గంతులు వేస్తూ మాట్లాడుతుంది. కొత్త రకాలు వై-ఫై ఉన్న చోట్లను గుర్తించి తప్పించుకుంటాయి కూడా. ఇలా గంతులు వేసే ఉపాయానికి 1942లో అమెరికాలో ఒక పేటెంటు ఇచ్చారు. తీసుకున్నవారిలో ఒకరు హెడీ లమార్ అనే సినిమా తార, మరొకరు జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు. పియానోకున్న 88 మెట్లలాగే 88 పౌనఃపున్యాలు వాడాలని వాళ్ల ఊహ!

మరి టీ కాచే కరెంటు కెటిలు, ఫ్యాను, ఇండక్షన్ పొయ్యి? కెటిలు వేడి తీగే తప్ప రేడియో కాదు. ఇండక్షన్ పొయ్యి పౌనఃపున్యం కొన్ని పదివేల హెర్ట్జ్ మాత్రమే. 240 కోట్లతో దానికి పోలికే లేదు. పాపం, వీటిని అనుమానించకండి.

బీరువా అద్దమైతే...

హాస్టలు గదిలో ఇనుప మంచాలు, ఇనుప బీరువాలు ఉంటాయి. రేడియో తరంగాలకు ఇనుము అద్దం. గోడలోని ఇనుప చువ్వలూ అంతే. నీళ్లు ఈ తరంగాలను పీల్చుకుంటాయి. మన ఒళ్లు చాలామట్టుకు నీరే కనుక గది నిండా మనుషులుంటే అదీ ఒక అడ్డే.

యాక్సెస్ పాయింటు నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, బీరువాను తాకి వచ్చేది ఇంకొకటి, సీలింగును తాకి వచ్చేది మరొకటి. శృంగమూ శృంగమూ కలిస్తే సిగ్నలు పెరుగుతుంది, శృంగమూ ద్రోణీ కలిస్తే తగ్గుతుంది. పాఠంలో చదివే ‘వ్యతికరణం’ ఇదే. ఎదురెదురుగా వచ్చే తరంగాల్లో ఈ ఎగుడుదిగుళ్లు అర తరంగదైర్ఘ్యానికి ఒకసారి వస్తాయి. మనం కట్టిన లెక్క ప్రకారం సుమారు ఆరు సెంటీమీటర్లు. ఫోనును కొంచెం పక్కకు జరిపితే ఒక్కొక్కసారి పని కావడానికి కారణం ఇదే. మంత్రమూ కాదు, అదృష్టమూ కాదు.

ఈ ప్రతిధ్వనుల బెడద వల్లనే గదుల్లో వేగంగా సమాచారం పంపడం ఒకప్పుడు అసాధ్యమనిపించింది. దానికి మంచి పరిష్కారాల్లో ఒకటి ఆస్ట్రేలియాలో జాన్ ఓసల్లివన్, ఆయన బృందం కనిపెట్టారు. ఓసల్లివన్ అంతకుముందు పేలిపోయే చిట్టి కృష్ణబిలాల రేడియో సంకేతాల కోసం వెతికిన మనిషి. కృష్ణబిలాలు దొరకలేదు. కాని చెదిరిపోయిన సంకేతాన్ని కూర్చే గణితం చేతికొచ్చింది. దాన్ని గదుల్లోని ప్రతిధ్వనులకు వర్తింపజేశారు. 1996లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. వెతికింది ఆకాశంలో, దొరికింది ఇంట్లో!

మరి ఏం చెయ్యాలి?

మందులు చాలానే ఉన్నాయి. మొదటిది తీగ. గోడలో తీగ తగిలించే చోటుంటే, కదలని పరికరాలన్నీ దానికి తగిలించాలి. తీగలోకెక్కిన ప్రతి మాటా గాలిలో ఒక చోటు ఖాళీ చేస్తుంది.

రెండోది 5 గిగాహెర్ట్జ్ వై-ఫై. ఇక్కడ 20 మెగాహెర్ట్జ్ ఛానళ్లు మూడు కాదు, ఇరవైకి పైగా ఉన్నాయి. ఓవెను గోల లేదు. దీని తరంగం ఆరు సెంటీమీటర్లకు లోపే, గోడల్ని అంత బాగా దాటలేదు. ఇది లోపమంటారు. ఇంటికి లోపమే. హాస్టలుకు మాత్రం అదే గుణం! పక్కగది గోల మన గదిలోకి రాదు.

మూడోది ఛానళ్ల పంపకం. దగ్గర దగ్గర యాక్సెస్ పాయింట్లకు 1, 6, 11 వేర్వేరుగా ఇవ్వాలి. పక్కలనే కాదు, పై అంతస్తునూ కింది అంతస్తునూ కూడా చూసుకోవాలి. దేశపటంలో పక్కపక్క రాష్ట్రాలకు వేరు వేరు రంగులు వేసినట్టే.

నాలుగోది గొంతు తగ్గించడం. “శక్తి పెంచితే సరిపోదా?” అంటారు కొందరు. యాక్సెస్ పాయింటు అరిస్తే ఫోనుకు వినిపిస్తుంది, మరి ఫోను అంత గట్టిగా అరవగలదా? లేదు. పైగా ఆ అరుపు నాలుగు గదుల అవతల పనులూ చెడగొడుతుంది. తక్కువ గొంతుతో ఎక్కువ యాక్సెస్ పాయింట్లు, వాటికి పద్ధతైన ఛానళ్లు. ఇదే హాస్టలుకు సరైన మార్గం. దీన్ని ఒకచోట కూర్చుని అంతా చూసేవారే చెయ్యగలరు.

ఐదోదే అన్నిటికన్నా ముఖ్యం. సొంత రౌటర్లు ఆపెయ్యాలి. కష్టమేమిటంటే, ఒక్కరే ఆపితే వాళ్లకేమీ ఒరగదు. అందరూ ఆపితే అందరికీ బాగుపడుతుంది. ఇది రేడియో విజ్ఞానం కాదు, ఊరుమ్మడి విజ్ఞానం.

ఇప్పుడు మీ అక్కయ్య దగ్గరికి వద్దాం. పదకొండున్నరయింది. ఆమె ఇదంతా చదివింది కనుక కంగారుపడలేదు. ఫోను తీసుకుని వరండాలో యాక్సెస్ పాయింటు కిందికి వెళ్లి, జాబితాలో 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుంది. మీట నొక్కింది. రెండు నిమిషాల్లో దరఖాస్తు వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రం ఆ వరండాలో వాళ్లందర్నీ పోగుచేసి ఇరవై రౌటర్ల లెక్క కాగితం మీద వేసి చూపించింది. కాలేజీ పెట్టెల్ని సరిచేయించమని అందరూ కలిసి వార్డెనుకు అర్జీ రాశారు. ఆ రాత్రికి రౌటర్లన్నీ ఆపేశారు. రాత్రి పదిన్నరకు కూడా వై-ఫై తెల్లవారుజామున నడిచినట్టే నడిచింది.

ఇది ఊహే. కాని ఇందులోని లెక్క ఊహ కాదు.

మీరే చేసి చూడండి

1. ఆరుగురు స్నేహితులు కూర్చోండి. ఒక్కొక్కరు ఒక పాచిక వెయ్యండి. అందరికన్నా చిన్న అంకె వచ్చినవారికి మాట్లాడే వంతు. ఆ చిన్న అంకె ఇద్దరికి గాని, అంతకన్నా ఎక్కువమందికి గాని వస్తే ఢీకొన్నట్టు. వందసార్లు ఆడి ఢీలు లెక్కపెట్టండి. గణితం ప్రకారం సుమారు 43 రావాలి. తరవాత ఇద్దరే ఆడండి. అప్పుడు ఆరింట ఒకటే! జనం పెరిగితే ఏమవుతుందో ఈ ఆటే చెబుతుంది.

2. ఫోను నుంచి బ్లూటూత్ స్పీకరులో పాట పెట్టండి. ఫోనును మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి స్పీకరుకు దూరంగా నడవండి. పాట ఎక్కడ తెగుతుందో గుర్తుపెట్టండి. డబ్బా లేకుండా మళ్లీ నడిచి రెండు దూరాల్నీ పోల్చండి. (ఫోనును మైక్రోవేవ్ ఓవెనులో మాత్రం ఎన్నడూ పెట్టకండి!)

3. మీ ఇంట్లో ఫోను తెరిచి చుట్టూ ఎన్ని వై-ఫై పేర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. అవన్నీ ఒకే ఛానల్లో ఉన్నాయనుకుని, ఒక్కొక్కదానికి నూటికి రెండు చొప్పున వేసి, గాలిలో ఎంత కాలం ‘నేనున్నాను’లకు పోతుందో చెప్పండి.